చందా ఎవరి పేరిట? కాలేజీ ఫెన్సింగ్ క్లబ్బు ముందున్న డబ్బు దారులు

ఒక బ్యాటు, ఒక బంతి ఉంటే పదిమంది పిల్లలు పొద్దుగుంకే దాకా క్రికెట్ ఆడుకుంటారు. కబడ్డీకి అవీ అక్కర్లేదు. ఫెన్సింగ్ సంగతి వేరు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడాలంటే రెండు కత్తులు, రెండు మాస్కులు, రెండు జాకెట్లు, జాకెట్టు లోపల చంక కింద కాపుగా ఉండే రెండు ప్లాస్ట్రన్లు, రెండు గ్లౌజులు కావాలి. ఆడపిల్లలకు ఛాతీ కవచం తప్పనిసరి. పోటీలకు తయారు కావాలంటే తాకిడిని పట్టే విద్యుత్ తీగలు, వాటిని చుట్టుకునే రీళ్ళు, దీపం వెలిగించే స్కోరింగ్ పెట్టె కూడా కావాలి. మూడోవాడు ఆడాలంటే ఇద్దరిలో ఒకరు విప్పి ఇవ్వాల్సిందే. అందుకే విద్యార్థులు తమంతట తాము ఫెన్సింగ్ క్లబ్బు పెట్టుకోవాలనుకున్న రోజునే డబ్బు మాట ముందుకొస్తుంది.

శాంతిపురం, రామకుప్పం, గుడుపల్లె మండలాల పిల్లలు ఇంటర్ దాటాక చాలామంది కుప్పం బస్సెక్కుతారు. అక్కడ 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది, ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, వైద్య కళాశాల ఉంది. పుంగనూరు వైపువాళ్ళకు మదనపల్లె దగ్గర. అక్కడ 1915లో అనీబిసెంట్ నెలకొల్పిన బీటీ కాలేజీ, అంగళ్ళు దగ్గర 1998 నుంచి నడుస్తున్న మిట్స్ ఉన్నాయి. స్థలానికీ కొదవ లేదు. ఫెన్సింగ్ ఆడే పట్టీ 14 మీటర్ల పొడవు, మీటరున్నర నుంచి రెండు మీటర్ల వెడల్పు. కాలేజీ వరండా సరిపోతుంది, మీటింగు హాలు సరిపోతుంది, వాన లేని రోజు బాస్కెట్‌బాల్ కోర్టు పక్కన గట్టినేల సరిపోతుంది. నేర్పేవాళ్ళు కావాలంటే బెంగళూరు దూరం కాదు. కుప్పం బెంగళూరు రైలు దారిలోనే ఉంది. పిల్లలున్నారు, చోటుంది, నేర్పేవాళ్ళున్న ఊరు అందుబాటులో ఉంది. మిగిలింది డబ్బు, ఆ డబ్బును పట్టి ఉంచే ఏర్పాటు. ఈ రెండోదాని గురించి మన కాలేజీల్లో దాదాపు ఎవరూ మాట్లాడరు. అసలు చిక్కు అక్కడే ఉందని నా నమ్మకం.

మన ప్రాంతంలో ఇచ్చే చెయ్యి లేదనడం అబద్ధం. కుప్పంలో ప్రసన్న తిరుపతి గంగమాంబ జాతర, పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర చందాల మీదే అంత వైభవంగా జరుగుతాయి. సంక్రాంతికి ఊళ్ళల్లో జరిగే క్రికెట్ టోర్నమెంట్లకు మొదటి బహుమతి ఒకరు, రెండో బహుమతి ఒకరు, టీషర్టులు ఇంకొకరు పోటీపడి ఇస్తారు. పెళ్ళి చదివింపుల పుస్తకంలో ఎవరెంత రాయించారో ఇరవై ఏళ్ళ తర్వాత కూడా తీసి చూసుకునే జనం మనం. ఇచ్చిన దానికి లెక్క ఉంటుందనీ, తమ పేరు నిలుస్తుందనీ నమ్మకం కుదిరితే ఇక్కడి మనిషి ఇస్తాడు. ఫెన్సింగ్‌కు ఇవ్వకపోవడానికి కారణం ఆ ఆటను ఎన్నడూ కళ్ళారా చూడకపోవడం. పీర్ల పండుగకు కర్రసాము చూసి ఈలలు వేసే జనం, రెండు కత్తులు తళుక్కుమని తాకి దీపం వెలిగే ఆటను చూస్తే నిలబడి చూడకుండా పోరు. అందుకని అడగడానికి ముందు చూపించాలి. కాలేజీ వార్షికోత్సవంలో పది నిమిషాల ప్రదర్శన, జూనియర్ కాలేజీల్లో ఒక పూట శిబిరం, ఊరి టోర్నమెంటు ఫైనల్ మధ్యలో ఒక ప్రదర్శన పోటీ. వీటికి ఖర్చు లేదు. చందా పుస్తకం ఆ తర్వాతే బయటికి తీయాలి.

ఈ ఆటలో డబ్బు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. ఒలింపిక్స్‌కు అర్హత పొందిన తొలి భారతీయ ఫెన్సర్ భవానీ దేవి చెన్నైలో పుట్టింది. తండ్రి అర్చకుడు, ఆయన మూలాలు కాకినాడ జిల్లా సామర్లకోటవి. 2004లో బడిలో ఆటలకు పేర్లు తీసుకుంటున్నప్పుడు మిగతా ఆటల్లో ఖాళీలు నిండిపోయి ఫెన్సింగ్ ఒక్కటే మిగిలింది. అలా మొదలైంది. అసలు కత్తులు ఖరీదు గనక మొదట్లో వెదురు కర్రలతో సాధన చేసింది. పోటీలకు పంపడానికి తల్లి నగలు తాకట్టు పెట్టింది. పదో తరగతి తర్వాత తలశ్శేరిలోని భారత క్రీడా ప్రాధికార సంస్థ కేంద్రానికి చేరాక గానీ ఆ అమ్మాయికి నిలకడైన శిక్షణ దొరకలేదు. తర్వాత గోస్పోర్ట్స్ ఫౌండేషన్ వంటి సంస్థలు తోడయ్యాయి. టోక్యోలో 2021 జులై 26న తొలి పోటీలో ట్యునీషియా క్రీడాకారిణిని 15-3తో ఓడించి, రెండో పోటీలో ఫ్రాన్స్‌కు చెందిన మనోన్ బ్రూనే చేతిలో 7-15తో ఓడిపోయింది. 2023లో ఆసియా చాంపియన్‌షిప్‌లో కాంస్యం గెలిచింది. ఈ కథను మనం స్ఫూర్తి కథగా చెప్పుకుంటాం. నాకు మాత్రం ఇందులో ఒక లెక్క కనిపిస్తుంది. మొదటి మెట్లన్నిటి ఖర్చూ ఒక ఇల్లు మోసింది. పేరొచ్చిన తర్వాతే బయటివాళ్ళు మోశారు. తాకట్టు పెట్టడానికి నగలు లేని ఇంటి పిల్ల సంగతేమిటి? కాలేజీ క్లబ్బు అనేది ఆ పిల్ల కోసం.

ప్రభుత్వ డబ్బూ ఇదే తీరున పైమెట్టు మీదే ఎక్కువగా పడుతుంది. 2024లో ప్రకటించిన ఆంధ్రప్రదేశ్ క్రీడా విధానంలో ఒలింపిక్ స్వర్ణానికి 7 కోట్ల రూపాయల నగదు బహుమతి ఉంది, ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచారు. మంచిదే, గెలిచినవాళ్ళకు దక్కాల్సిందే. ఖేలో ఇండియా కింద ఎంపికైన క్రీడాకారులకు ఏటా 6.28 లక్షల రూపాయల మేర సాయం అందుతుంది. 2020లో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా యూనివర్సిటీ క్రీడల్లో ఫెన్సింగ్ కూడా ఉంది. ఇవన్నీ ఇప్పటికే ఆడుతున్నవాళ్ళకు. పద్దెనిమిదేళ్ళకు తొలిసారి కత్తి పట్టుకోవాలనుకునే డిగ్రీ విద్యార్థికి ఏ పథకమూ నేరుగా చేరదు. ఆ ఖాళీని పూరించవలసింది కాలేజీలూ, పూర్వ విద్యార్థులూ, ఊరూ.

ఇక ఖర్చు లోపలి సంగతి చూడాలి, ఎందుకంటే అడిగేవాళ్ళకే అది సరిగా తెలియక దాతల ముందు తడబడతారు. ఫెన్సింగ్‌లో మూడు ఆయుధాలు. ఫాయిల్‌లో మొండెం మీద, సేబర్‌లో నడుము పైభాగమంతా, ఎపేలో ఒళ్ళంతా ఎక్కడైనా తాకవచ్చు. ఫాయిల్, సేబర్ ఆడేవాళ్ళు లక్ష్య భాగం మీద లోహపు దారాలతో నేసిన లామే అనే పైచొక్కా వేసుకోవాలి. చెమటకు అది తుప్పుపట్టి, కొన్నాళ్ళకు తాకిడి పట్టడం మానేస్తుంది. ఎపేకు లామే అక్కర్లేదు, ఒళ్ళంతా లక్ష్యమే కదా. కొత్త క్లబ్బు ఎపేతో మొదలుపెడితే మనిషికి ఒక ఖరీదైన వస్తువు తగ్గుతుంది. మూడు ఆయుధాలూ ఒకేసారి మొదలుపెట్టాలనే ఉత్సాహం పిల్లల్లో సహజం. డబ్బు దృష్టితో చూస్తే అది తప్పు. శిక్షకుడికి ఏ ఆయుధంలో పట్టుందో చూసుకుని ఒకదానితో రెండేళ్ళు నడవడం మేలు. మొదటి ఏడాది విద్యుత్ పరికరాలు లేకుండా, కంటితో చూసి తాకిడి చెప్పే పద్ధతిలోనే సాధన చేయవచ్చు. సెట్లు ఎవరి సొంతం కాకుండా క్లబ్బువై, వంతులవారీగా వాడుకుంటే ఆరు సెట్లతో పన్నెండుమంది నేర్చుకోగలరు. సైజుల తేడాలు, ఎడమచేతివాళ్ళ గ్లౌజులు ముందే లెక్కలో పెట్టుకోవాలి.

తగ్గించడానికి వీల్లేని ఖర్చు ఒకటుంది, అది రక్షణది. 1982లో రోమ్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ జరుగుతుండగా ప్రత్యర్థి కత్తి విరిగి, ఆ ముక్క మాస్కు వల దూసుకుపోయి సోవియట్ ఒలింపిక్ విజేత వ్లాదిమిర్ స్మిర్నోవ్ చనిపోయాడు. ఆ ప్రమాదం తర్వాతే కత్తుల ఉక్కు, మాస్కు వల, దుస్తుల బట్ట అన్నిటికీ కఠినమైన ప్రమాణాలు వచ్చాయి. ఇప్పుడు సాధారణ సాధనకు 350 న్యూటన్ల బలాన్ని తట్టుకునే జాకెట్లు, అంతర్జాతీయ పోటీలకు 800 న్యూటన్లవి వాడతారు. మాస్కు వలను 12 కిలోల పంచ్‌తో నొక్కి పరీక్షిస్తారు. బెంగళూరు, చెన్నైల్లోని క్లబ్బుల నుంచి పాత సామాను విరాళంగా తెచ్చుకోవడం మంచి దారే. కానీ ఆ పరీక్షలో నిలవని మాస్కు ఉచితంగా వచ్చినా తీసుకోకూడదు. అలాగే కత్తి అరిగిపోయే వస్తువు. వంగి వంగి లోహం అలసిపోయి ఒకనాడు విరుగుతుంది. కత్తులు, తీగలు ఏటా కొత్తవి కావలసిందే. దాతలు సాధారణంగా ఒక్కసారి ఇచ్చి ఫొటో దిగి వెళ్ళిపోతారు. క్లబ్బుకు కావలసింది ఏటేటా వచ్చే చిన్న మొత్తం. ఈ రెంటి మధ్య పొంతన లేక మూలన పడ్డ క్రీడా సామాను ఏ కాలేజీ స్టోర్ రూమ్ తలుపు తీసినా కనిపిస్తుంది.

శిక్షకుడి జీతం ఇంకా కష్టమైన పద్దు. వస్తువులకు ఇచ్చేవాళ్ళు దొరుకుతారు గానీ మనిషి జీతానికి ఇవ్వడానికి ఎవరికీ మనసొప్పదు. వస్తువు మీద పేరు రాయించుకోవచ్చు, జీతం మీద రాయించుకోలేరు. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో ఫెన్సింగ్ శిక్షణలో డిప్లొమా చేసినవాళ్ళను పూర్తికాలం పెట్టుకోవడం ఒక్క కాలేజీ క్లబ్బు వల్ల కాదు. కుప్పం, మదనపల్లె కాలేజీలు రెండు మూడు కలిసి నెలకు రెండు వారాంతాలు బెంగళూరు నుంచి ఒకరిని పిలిపించుకుని, రానూపోనూ ఖర్చులూ గౌరవ వేతనమూ పంచుకోవడం సాధ్యమైన పని. మధ్యలో సీనియర్లు జూనియర్లకు నేర్పాలి. విద్యార్థులే నడిపే క్లబ్బుల బలం ప్రపంచమంతటా ఇదే.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. వచ్చిన డబ్బు ఎవరి పేరిట ఉండాలి? సాధారణంగా జరిగేది అందరికీ తెలిసిందే. క్లబ్బు కార్యదర్శి అయిన విద్యార్థి తన ఫోన్‌పే క్యూఆర్ కోడ్ వాట్సాప్ గ్రూపుల్లో పెడతాడు. డబ్బు అతని సొంత ఖాతాలో పడుతుంది. ఇందులో మూడు ప్రమాదాలున్నాయి. బంధువులు కానివాళ్ళ నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో 50,000 రూపాయలు దాటి ఊరికే వచ్చిన డబ్బును ఆదాయపు పన్ను చట్టం ఆ మనిషి ఆదాయంగానే చూస్తుంది. అది క్లబ్బుదని నిరూపించుకునే భారం ఆ కుర్రాడి మీదే పడుతుంది. రెండోది, అతను ఎంత నిజాయితీపరుడైనా సొంత ఖర్చు, క్లబ్బు ఖర్చు ఒకే ఖాతాలో కలిస్తే ఏదో ఒకనాడు మాట పడక తప్పదు. మూడోది అన్నిటికన్నా పెద్దది. అతను ఫైనలియర్ దాటి వెళ్ళిపోతాడు. ఖాతాతో పాటు దాతల జాబితా, లెక్కలు, పరిచయాలు అన్నీ వెళ్ళిపోతాయి. తర్వాతి బ్యాచ్ మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టాలి. డబ్బు లేక మూతపడ్డ క్లబ్బులకన్నా ఇలా చేతులు మారేటప్పుడు జారిపోయిన క్లబ్బులే ఎక్కువని నేననుకుంటాను.

క్లబ్బునే సంఘంగా రిజిస్టర్ చేయవచ్చు కదా అంటారు. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు చాలు. రిజిస్టర్ చేయడం తేలికే, నిలబెట్టడం కష్టం. ఏటా కార్యవర్గం జాబితా దాఖలు చేయాలి, లెక్కలు చూపాలి. ఏటా మారిపోయే విద్యార్థి కార్యవర్గం రెండో ఏడాదికే దాన్ని మరచిపోతుంది. ఇంతకన్నా మంచి దారి చాలా కాలేజీల్లో ఇప్పటికే ఉంది, అది పూర్వ విద్యార్థుల సంఘం. కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ బృందం వచ్చినప్పుడు రిజిస్టరైన పూర్వ విద్యార్థుల సంఘం ఉందా, అది కాలేజీకి ఏం చేసింది అని అడుగుతుంది గనక చాలా కాలేజీలు అలాంటి సంఘాన్ని కాగితం మీదైనా పెట్టుకున్నాయి. ఆ కాగితానికి ప్రాణం పోయడానికి ఫెన్సింగ్ క్లబ్బు మంచి సందర్భం. ఆ సంఘం లెక్కల్లో క్లబ్బుకు ప్రత్యేక పద్దు, వీలైతే విడి బ్యాంకు ఖాతా. సంతకాలు ముగ్గురివి, అంటే సంఘం కోశాధికారిది, పీడీ సారుది, విద్యార్థి కార్యదర్శిది. కనీసం ఇద్దరి సంతకం లేనిదే రూపాయి కదలకూడదు. క్యూఆర్ కోడ్ ఆ ఖాతాది అవుతుంది. కార్యదర్శి మారినా కోడ్ మారదు.

బయటి దేశాల అనుభవం కూడా ఇదే చెబుతుంది. బ్రిటన్ విశ్వవిద్యాలయాల్లో ఫెన్సింగ్ క్లబ్బుల్ని విద్యార్థులే నడుపుతారు. కానీ చాలాచోట్ల వాటి డబ్బు విద్యార్థి సంఘం లేదా క్రీడా సంఘం ఖాతాలో క్లబ్బు పేరిట జమవుతుంది. అమెరికాలో వర్సిటీ జట్లు వేరు, విద్యార్థులు నడిపే క్లబ్బులు వేరు. ఆ క్లబ్బులకు ప్రత్యేకంగా ఒక జాతీయ సంఘమూ, ఏటా ఒక చాంపియన్‌షిప్పూ ఉన్నాయి. విద్యార్థులు కట్టే రుసుములోంచి విద్యార్థి ప్రభుత్వం కొంత కేటాయిస్తుంది, సభ్యులు చందా కడతారు, పాతవాళ్ళు ఇస్తారు. అక్కడి జనం మనకన్నా దయగలవాళ్ళేమీ కాదు. ఇచ్చిన డబ్బు నిలిచే ఇల్లు అక్కడ ముందే కట్టి ఉంది, అంతే.

ఇల్లంటూ ఉంటే అప్పుడు డబ్బు దారులు ఒక్కొక్కటీ చూడవచ్చు. మొదటిది సభ్యులే. సెమిస్టరుకు వంద రూపాయలైనా సరే, సభ్యత్వ రుసుము ఉండాలి. కట్టలేనివాళ్ళకు మినహాయింపు ఉండాలి, ఆ సంగతి ఎవరికీ తెలియకూడదు. ఈ డబ్బుతో కత్తులు రావు. కానీ బయటివాళ్ళను అడిగేటప్పుడు మేమూ ఇంత వేసుకున్నామని చెప్పే హక్కు వస్తుంది. రెండోది కాలేజీ గేమ్స్ ఫీజు. ప్రతి విద్యార్థీ కడుతున్నాడు. అందులో క్రికెట్, వాలీబాల్, కబడ్డీలకు ఎంత పోతుందో, మిగిలిన ఆటలకు ఎంత మిగులుతుందో ప్రిన్సిపాల్‌ను మర్యాదగా, రాతపూర్వకంగా అడగడం విద్యార్థుల హక్కు. పూర్వ విద్యార్థులు ఎంత తెస్తే కాలేజీ అంత కలుపుతుందనే ఒప్పందం కుదిరితే అంతకన్నా మంచి ప్రారంభం లేదు.

పూర్వ విద్యార్థుల విషయంలో ఈ ప్రాంతానికి మంచి అనుకూలత ఉంది. కుప్పం, మదనపల్లె కాలేజీల్లో చదివినవాళ్ళు ఎంతోమంది బెంగళూరులో ఉద్యోగాల్లో ఉన్నారు. వాళ్ళ దగ్గర పదివేలు ఒకేసారి అడగడంకన్నా నెలకు రెండొందలు ఆటోమేటిక్‌గా వచ్చే ఏర్పాటు అడగడం మేలు. ఏటేటా విరిగే కత్తులకు ఏటేటా వచ్చే డబ్బే సరిజోడు. పన్ను రాయితీ ఆశ చూపి అడగడం మీద ఎక్కువ భారం పెట్టుకోవద్దు. 80జీ అనుమతి ఉన్న సంస్థకు ఇచ్చిన విరాళానికి పరిమితులకు లోబడి రాయితీ ఉన్నమాట నిజమే, అదీ 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే రాదు. కానీ కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకు ఆ రాయితీ వర్తించదు. ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రకారులో చాలామంది ఉన్నది ఆ విధానంలోనే. వాళ్ళు ఇస్తే కాలేజీ మీద ప్రేమతో ఇస్తారు.

సముద్రం దాటిన పాతవాళ్ళ విషయంలో జాగ్రత్త అవసరం. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకున్నాక పంపితే విదేశీ విరాళమే, మన ఊరివాడైనా సరే. దాన్ని తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి. రిజిస్ట్రేషన్‌కు మూడేళ్ళుగా పనిచేస్తూ 15 లక్షలు ఖర్చు చేసిన చరిత్ర కావాలి. డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. వస్తువు రూపంలో ఇచ్చినా చట్టం దాన్ని విరాళంగానే చూస్తుంది. తెలిసో తెలియకో డాలర్లు నేరుగా విద్యార్థి ఖాతాకు తెప్పించుకోవడం ఆ విద్యార్థిని చట్టం ముందు నిలబెట్టడమే అవుతుంది. విదేశాల్లోని తెలుగువాళ్ళు సాయం చేయదలిస్తే వాళ్ళలో భారత పౌరులుగా ఉన్నవాళ్ళ ద్వారా మొదలుపెట్టడం క్షేమం.

విదేశీ నిధులతో రాయలసీమలో ఆటలు ఎంత ఎత్తుకు పోగలవో అనంతపురం చూపించింది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్‌డీటీ స్వచ్ఛంద సంస్థ అక్కడ క్రీడాగ్రామం కట్టి పల్లెపిల్లలకు హాకీ, ఫుట్‌బాల్, జూడో నేర్పింది. 2010లో రఫెల్ నాదల్ ఫౌండేషన్ తోడ్పాటుతో టెన్నిస్ పాఠశాల వచ్చింది. కూలి కుటుంబాల పిల్లలు టెన్నిస్ రాకెట్ పట్టారు. మన సీమలో ఖరీదైన ఆటను పేదపిల్లల దగ్గరికి తెచ్చిన ఇంత మంచి ఉదాహరణ నాకు మరొకటి కనిపించదు. అదే సంస్థకు విదేశీ నిధుల అనుమతి పునరుద్ధరణ ఆగినప్పుడు 2025లో జిల్లా జనం రోడ్ల మీదికి వచ్చారు. అంత పెద్ద సంస్థనే ఒక్క దారి మూసుకుపోవడం అంతగా కుదిపింది. చిన్న క్లబ్బు ఒక్క దాత మీద ఎన్నడూ ఆధారపడకూడదు.

కంపెనీల సామాజిక బాధ్యత నిధుల గురించి కాలేజీల్లో చాలా ఆశలు వినిపిస్తాయి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ, లేదా 1,000 కోట్ల టర్నోవరు, లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఖర్చు చేయాలి. ఏడో షెడ్యూలులో ఒలింపిక్ క్రీడల శిక్షణ స్పష్టంగా ఉంది, ఫెన్సింగ్ 1896 నుంచీ ఒలింపిక్స్‌లో ఉన్న ఆట. కాగితం మీద దారి తెరిచే ఉంది. కానీ బయటి సంస్థ ద్వారా ఖర్చు పెట్టాలంటే ఆ సంస్థకు మూడేళ్ళ పని చరిత్ర, పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్లు, సీఎస్ఆర్ నమోదు సంఖ్య ఉండాలి. మొదటి ఏడాదే ఈ తలుపు తట్టి కాలం పాడుచేసుకోవద్దు. మూడేళ్ళ లెక్కలు శుభ్రంగా ఉంచుకుంటే నాలుగో ఏడాది ఆ లెక్కలే మాట్లాడతాయి.

ఆన్‌లైన్ విరాళాల వేదికలు, మిలాప్, కెట్టో వంటివి, ఒక నిర్దిష్టమైన అవసరానికి పనికొస్తాయి. అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు ఇద్దరు అమ్మాయిలు ఎంపికయ్యారు, ఫలానా తేదీలోగా ఇంత కావాలి అంటే జనం కదులుతారు. క్లబ్బు నడపడానికి సాయం చేయండి అంటే కదలరు. ఎంతో మంది ప్రాణాపాయంలో ఉన్న బిడ్డల కోసం అడిగే చోట కత్తుల కోసం అడుగుతున్నామన్న స్పృహ కూడా ఉండాలి. స్థానిక వ్యాపారులు, డెయిరీలు, టమాటా మండీల యజమానులు, గ్రానైటు వ్యాపారులు ఇస్తే కృతజ్ఞతతో తీసుకోవాలి, జాకెట్టు వెనక పేరు వేయించాలి. రాజకీయ నాయకుల డబ్బు గురించి నా సలహా ఒకటే. క్లబ్బు ఖాతాకు చెక్కుగా ఇస్తే తీసుకోండి, జెండా రంగు కట్టుకోమంటే వద్దనండి. ఎన్నికలు మారినప్పుడల్లా క్లబ్బు తలరాత మారకూడదు.

డబ్బు కోసం పోరాడిన చరిత్ర ఈ నేలకు కొత్త కాదు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ బీటీ కాలేజీలో బసచేసి జనగణమనకు ఆంగ్లానువాదం రాశారు, మార్గరెట్ కజిన్స్ దానికి స్వరలిపి కూర్చారు. కాలేజీ ఇబ్బందుల్లో పడినప్పుడు ఆ చేతిరాత ప్రతిని ఒక అమెరికన్ కొనుక్కున్నాడనీ, ఆ సొమ్ము కాలేజీని ఆదుకుందనీ మదనపల్లెలో చెప్పుకుంటారు. మన కాలేజీలు దాతల చేతులమీదే లేచాయి. ఇప్పుడు అడుగుతున్నది అమూల్యమైన చేతిరాతను వదులుకోమని కాదు, ఒక పద్దు తెరవమని.

నా తీర్పు ఇది. దాతను వెతకడం ఆఖరి పని. ముందు ఖాతా, తర్వాత లెక్కల పుస్తకం, ఆ తర్వాత ఒక ఆయుధంతో ఆరు సెట్లు, అటుపైన ప్రదర్శన, అప్పుడు చందా. ప్రతి సెమిస్టరు చివర జమాఖర్చు కాగితం నోటీసు బోర్డు మీద అంటించాలి, ఇచ్చిన ప్రతి ఒక్కరికీ వాట్సాప్‌లో పంపాలి. ఎంత వచ్చింది, ఏం కొన్నాం, ఏ కత్తి విరిగింది, ఎంత మిగిలింది. జాతర కమిటీ నుంచి మన జనం ఆశించే లెక్కనే క్లబ్బు నుంచీ ఆశిస్తారు.

కుప్పం, మదనపల్లె, పుంగనూరు కాలేజీల ప్రిన్సిపాళ్ళకూ, పీడీలకూ, పూర్వ విద్యార్థుల సంఘాల బాధ్యులకూ ఒక విన్నపం. పిల్లలు ఫెన్సింగ్ క్లబ్బు పెడతామని వస్తే డబ్బు లేదని పంపేయకండి. మీ సంఘం లెక్కల్లో వాళ్ళకొక పద్దు తెరవండి, సంతకానికి ఒక పెద్దమనిషిని చూపండి. బెంగళూరులో ఉన్న ఈ కాలేజీల పాత విద్యార్థులారా, ఆ పద్దు తెరుచుకున్న నెల నుంచే మీ రెండొందలు మొదలుపెట్టండి.